ప్యాచ్ వేస్తే రేకు అలలు తేలుతోందా?

ప్రశ్న: పాతకాలపు కార్లను బాగుచేసే వర్క్‌షాపులో రేకు పనికి కొత్తగా చేరాను. తుప్పు పట్టిన డోరు కింది భాగం కోసి కొత్త ముక్క వెల్డ్ చేస్తే, చుట్టూ రేకు అలల్లా లేస్తోంది. ఎందుకు?

జవాబు: వేడెక్కి ఉబ్బిన చోట రేకు చల్లారేటప్పుడు ముందుకన్నా కురచవుతుంది. ఆ లాగుడుకే పక్క రేకు అలలు తేలుతుంది.

ముక్క మందం పాత రేకుతో సమానంగా ఉండాలి, మామూలుగా 0.8 నుంచి 1 మి.మీ. మూలలు గుండ్రంగా కోయండి, కోసుగా ఉంటే వేడి అక్కడే పోగవుతుంది. అంచు మీద అంచు ఎక్కించొద్దు, ఆ సందులో తేమ చేరి మళ్లీ తుప్పే. టిగ్ (టంగ్‌స్టన్ మొనతో కరిగించే వెల్డింగు) అయితే సందు లేకుండా, మిగ్ (గన్నులోంచి వైరు దానంతటదే వచ్చే వెల్డింగు) అయితే 0.6 మి.మీ. వైరుతో కాస్త సందు వదిలి, 25 మి.మీ.కు ఒక టాక్ (చిన్న చుక్క వెల్డు) వేయండి. వరసగా వద్దు, దూరదూరంగా వేస్తూ రండి. చెయ్యి ఆనించగలిగేంత చల్లారాకే తర్వాతది.

టాకుల మధ్య కూడా అలాగే నింపాక వెల్డును గ్రైండ్ చేసి, వెనక డాలీ (చేత్తో పట్టుకునే ఇనుప దిమ్మ) ఆనించి, సరిగ్గా వెల్డు మీదే సుత్తితో కొట్టండి. ముడుచుకున్న లోహం సాగి అలలు దిగుతాయి. పక్కన కొడితే ఇంకా చెడుతుంది. మిగ్ వెల్డు గట్టిది, అంత తేలిగ్గా సాగదు. అందుకే వీలుంటే టిగ్గే నయం.

జింకు పూత రేకైతే ముందు పూత గీకేయండి, ఆ పొగ పీలిస్తే జ్వరం వస్తుంది.