పద్నాలుగో పేరు గురించి

బిడ్డా,

నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. వరంగల్, హనుమకొండ, కాజీపేటల్లో టెక్కెన్ అనే ఫైటింగ్ వీడియో గేమ్ ఆడే పిల్లల్లో ఇరవై మందికి ర్యాంకులిచ్చి, ఒక్కొక్కరి గురించి రెండేసి వాక్యాలు రాశావు. మన దగ్గర ఈ పనికి పూనుకున్నవాళ్ళను నేను ఇంతవరకు చూడలేదు. మూడో స్థానం పిల్లవాడు ఎదుటివాడి దెబ్బను కాచుకుని, వాడు తేరుకునేలోపే తిరిగి కొట్టే తీరు గురించి నువ్వు రాసింది, టెక్కెన్ పేరు కూడా వినని మీ అమ్మకైనా అర్థమవుతుంది. చాలా సంతోషమేసింది.

పద్నాలుగో పేరు దగ్గర మాత్రం ఆగిపోయాను. జమ్మికుంట పిల్లవాణ్ణి ‘నిలకడ లేని ఆటగాడు’ అన్నావు. నీ పట్టికే ముందు పెట్టుకుని చూశాను. మూడు టోర్నమెంట్లలో ఒక్కదానికే వచ్చాడు. నాలుగు సెట్లు, అంటే ఒక్కొక్కరితో కొన్ని ఆటల పోటీలు, ఆడి నాలుగూ గెలిచాడు. ఐదో సెట్‌కు పేరు పిలిస్తే లేడు, డీక్యూ, అంటే రానందుకు ఓడినట్టు లెక్క. ఒకసారి ఓడినవాళ్ళకు రెండో అవకాశమిచ్చే లూజర్స్ వరసలో మళ్ళీ పిలిచారు, అక్కడా లేడు. రెండు ఓటములు రాసి పంపించేశారు. ఎక్కడికి పోయాడని ఫోన్‌లో అడిగితే, రాత్రి రైలు అందుకోవాలని కాజీపేట స్టేషన్‌కు పరుగెత్తాడని నువ్వే చెప్పావు. అంటే రైలు టైమును అతని ఆటలో లోపంగా రాశావు.

ఇదే తప్పు నేనూ చేశాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను. రాయడం మొదలుపెట్టిన కొత్తలో నిజామాబాద్ వైపు ఒక జాతరలో కుస్తీ పోటీలకు వెళ్ళాను. అక్కడ కొబ్బరికాయ కుస్తీతో మొదలై, చీకటి పడేవేళకు వెండి కడెం కుస్తీ దాకా వస్తుంది. పొద్దంతా గెలిచిన ఒక పైల్వాన్ ఆఖరి కుస్తీకి బరిలోకి రాలేదు. ‘వెనకడుగు వేశాడు’ అని రాశాను. నాలుగు రోజుల తర్వాత వాళ్ళ నాన్న ఆ పేపర్ ముక్క మడతపెట్టి జేబులో పెట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. కొడుక్కి వేలు విరిగిందట. కోప్పడలేదు. ‘ఊళ్ళో అందరూ చదివిండ్రు సారూ’ అన్నాడు, అంతే. ఆ మాట ఇప్పటికీ చెవిలో ఉంది.

రానివాడు బలహీనుడని అనుకోవడం మన జిల్లాకే పరిమితమైన అలవాటు కాదు. 2019 ఫిబ్రవరిలో జపాన్‌లోని ఫుకుఒకాలో ఎవో జపాన్ అనే పెద్ద ఫైటింగ్ గేమ్‌ల టోర్నమెంట్ జరిగింది. అప్పటిదాకా టెక్కెన్ 7 అంటే కొరియా, జపాన్ పేర్లే ముందు చెప్పేవాళ్ళు. లాహోర్ నుంచి అర్స్‌లాన్ ఆష్ వీసా తిప్పలు పడి, ఆలస్యంగా అక్కడికి చేరి, టైటిల్ కొట్టాడు. మా దేశంలో నాలాంటివాళ్ళు ఇంకా ఉన్నారని కూడా చెప్పాడు. ఆగస్టులో లాస్ వేగాస్ ఎవో ఫైనల్లో కొరియా దిగ్గజం బే జే-మిన్‌ను ఓడించి ఆ టైటిల్ కూడా గెలిచాడు. వీసా రాకముందు కూడా అతను అదే ఆటగాడు. అంతకుముందు వేసిన లిస్టులు లాహోర్‌ను చూడలేదు, అంతే.

ఇక లెక్క సంగతి. ఆటగాళ్ళ బలాన్ని అంకెల్లో చెప్పడానికి నువ్వు వాడిన ఈలో పద్ధతి చదరంగం కోసం అర్పాద్ ఈలో అనే భౌతికశాస్త్ర ప్రొఫెసర్ తయారుచేసింది. 1970లో అంతర్జాతీయ చదరంగ సమాఖ్య తీసుకుంది. 200 పాయింట్ల తేడా ఉంటే పైవాడు నాలుగింట మూడు గెలుస్తాడని దాని అంచనా. మంచి పద్ధతే. కానీ నలభై సెట్లు ఆడినవాడికీ, నాలుగు ఆడినవాడికీ ఒకే ధీమాతో అంకె వేస్తుంది. ఆ లోటు చూసే మార్క్ గ్లిక్‌మన్ 1995లో గ్లికో పద్ధతి తెచ్చాడు. అందులో అంకెతో పాటు, ఆ అంకెను ఎంతవరకు నమ్మొచ్చో చెప్పే ఇంకో అంకె ఉంటుంది. నీకు ఆ గణితమంతా అక్కర్లేదు. ప్రతి పేరు పక్కన ఆడిన సెట్ల సంఖ్య చూపించు. పదికి తక్కువుంటే ర్యాంకు ఇవ్వకుండా, కింద వేరే వరసలో పెట్టి, చూసినంతవరకు రాయి.

ఇంకోటి. మూడింట రెండు గెలిచే సెట్‌లో అదృష్టానికి చాలా చోటుంది. నూరు ఆటల్లో 60 గెలిచేవాడు కూడా అలాంటి సెట్లు నూరు ఆడితే 35 దాకా ఓడతాడు. అందుకని ఒక్క ఓటమి చూసి ‘పతనం’ లాంటి మాటలు వాడకు.

పదకొండో ఆయన గురించి ‘వయసు మీద పడింది’ అన్నావు, ఆ వాక్యం తీసెయ్యి. హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో స్ట్రీట్ ఫైటర్ 5 అనే ఇలాంటి ఆటలోనే బంగారు పతకం గెలిచిన కొరియా ఆటగాడు కిమ్ గ్వాన్-వూ వయసు అప్పటికి 44.

జమ్మికుంట పిల్లవాడికి ఫోన్ చెయ్యి. తను రాలేకపోతే నీ లిస్టులో మొదటి ఐదుగురిలో ఒకరిని వెంటబెట్టుకుని, ఒక ఆదివారం నువ్వే కాజీపేటలో రైలెక్కు. ఎవరు ముందు పది ఆటలు గెలిస్తే వాళ్ళదే సెట్ అని ఆడించి, పక్కన కూర్చుని చూడు. బే జే-మిన్ అంతటివాడు అదే 2019లో లాహోర్ దాకా పోయి అక్కడి కుర్రాళ్ళతో ఆడొచ్చాడు. జమ్మికుంటకు ఎంతసేపు?

వచ్చాక పద్నాలుగో పేరు మళ్ళీ రాసి పంపు. చార్జీలు నేనిస్తాను.

ఇట్లు,
మీ సారు,
హనుమకొండ