మూడో తరగతి పిల్లలతో సొంత అనుభవం రాయించడం ఎలా?

అడిగిన ప్రశ్న: "మా బాబు అనంతపురంలో మూడో తరగతి. సొంత అనుభవం రాయమంటే ఐదారు వాక్యాలు రాసి ఆపేస్తాడు. ఎట్ల నేర్పించాలి?"

వాడికి రాయడం రాక ఆగిపోవడం లేదు. మనం ఇచ్చే అంశం మరీ పెద్దది. 'నేను చూసిన జాతర', 'వేసవి సెలవులు' అని ఇస్తే పిల్లలు పొద్దున లేచినప్పటి నుంచి రాత్రి పడుకునేదాకా అంతా చెప్పాలనుకుంటారు. ఇక దేని దగ్గరా ఆగరు. మన వైపు నోట్సుల్లో ఎక్కువగా కనిపించేది ఇలాంటిదే:

"మేము గూగూడుకు పోయినాము. స్వామిని చూసినాము. గుండం చూసినాము. బొమ్మలు కొన్నాము. ఇంటికి వచ్చినాము. చాలా బాగుంది."

నార్పల దగ్గర గూగూడులో కుళ్లాయిస్వామి పీర్ల పండుగకు పోయొచ్చిన పిల్లాడి రాత అది. గుండం అంటే అక్కడ నిప్పులు వేసే గుంట. "ఇంకా రాయి" అంటే "జనం ఎక్కువ ఉన్నారు" అని ఒకటి చేరుస్తాడు, అంతే. "నీ చేతిలో ఏముండె?" అని అడగండి. చదివింపులకు, అంటే స్వామికి అర్పించడానికి, తీసుకుపోయే చక్కెర పొట్లం అంటాడు. "దానికేమైంది?" అనండి, అప్పుడు నోరు విప్పుతాడు. ఆ కాసేపటి సంగతే రాయమంటే ఇలా వస్తుంది:

"మా అవ్వ చక్కెర పొట్లం నా చేతికిచ్చింది. గట్టిగా పట్టుకోరా అనింది. గట్టిగా పట్టుకుంటే చెమటకు కాగితం మెత్తబడింది. మూలన చినిగింది. చక్కెర మోచేతి దాకా కారింది. నాకినాను. స్వామికి చదివించకముందే తింటివా అని అవ్వ నెత్తిన మొట్టింది."

గుండం మాట లేదు, బొమ్మల మాట లేదు. వాటి గురించి ఎవరైనా రాస్తారు. పొట్లం చినిగిన సంగతి ఈ పిల్లాడికే తెలుసు. అందుకే అంశం పది నిమిషాల్లో, ఒకే చోట జరిగినదై ఉండాలి.

బడిలో అయితే 40 నిమిషాల పీరియడ్‌లో మొదటి పది నిమిషాలు నోటితో చెప్పించండి. పక్కవాడికి ఒకసారి, ఇంకొకరికి మరోసారి. రెండోసారికి వరస వాళ్లే సర్దుకుంటారు. "నీకేమనిపించింది?" అని మాత్రం అడగొద్దు, "సంతోషం వేసింది" తప్ప ఇంకేం రాదు. ఏం చూసినావు, ఎవరేమన్నారు, చేతిలో ఏముంది, ఈ మూడూ చాలు.

తర్వాత తెల్లకాగితాన్ని రెండు మడతలు పెట్టి విప్పితే నాలుగు గళ్లు వస్తాయి. గడికో బొమ్మ, ఉత్త పెన్సిల్ గీతలతో, ఐదు నిమిషాల్లో అయిపోవాలి. క్రేయాన్ల డబ్బా తెరిచారా, చొక్కాకు రంగు వేయడంతోనే పీరియడ్ అయిపోతుంది. ఆపైన 20 నిమిషాలు రాత: గడికి రెండు మూడు వాక్యాలు, మామూలు రూళ్ల నోట్సులో గీత విడిచి గీత. మర్చిపోయిన మాట ఆ ఖాళీ గీతలో చేర్చుకుంటారు. కాపీరైటింగ్ పుస్తకం ఇవ్వొద్దు, చూపంతా అక్షరం గుండ్రంగా వచ్చిందా అనే దాని మీదే ఉంటుంది. రబ్బరు కూడా తీసేయండి. కాగితం చిల్లుపడేదాకా చెరిపి, ఈలోగా వాక్యం మర్చిపోతారు. తప్పు పోతే ఒక గీత కొట్టి ముందుకు పోనీయండి. మిగిలిన ఐదు నిమిషాలు చదివి వినిపించడానికి.

మొదటిసారి రాసినదాని మీద ఎర్రపెన్ను పెట్టనే పెట్టొద్దు. ఒత్తు తప్పుతుందని భయపడే పిల్లాడు 'మెత్తబడింది' వదిలేసి, బాగా వచ్చిన 'బాగుంది' రాసి ఊరుకుంటాడు. మరుసటిరోజు రెండు మాటలు ఎంచి దిద్దండి, చాలు. ప్రతి వాక్యం 'తర్వాత'తో మొదలవుతుంటే వాటికి సున్నా చుట్టించి, తీసేసి చదివించండి. చాలాచోట్ల అది అక్కర్లేదని వాళ్ల చెవికే తెలుస్తుంది. చివరి "చాలా బాగుంది"ని మాత్రం కొట్టించేయండి.

నాకు నిజంగా బాధ కలిగించేది వేరే ఉంది. బెలుం గుహలు ఎన్నడూ చూడని పిల్లలు గైడులోని 'నా విహారయాత్ర' బట్టీపట్టి పది వాక్యాలు రాస్తున్నారు, మార్కులూ పడుతున్నాయి. సొంతంగా 'పోయినాము' అని రాసిన పిల్లాడికి మాత్రం అది కొట్టేసి 'వెళ్ళాము' అని దిద్దుతారు. అవ్వ మాట్లాడే మాటే తప్పంటే వాడు అవ్వ గురించి ఎట్ల రాస్తాడు? చిన్న తరగతుల పిల్లలకు చదవడం, లెక్కలు వచ్చేలా చూడాలని కేంద్ర ప్రభుత్వం 2021లో మొదలుపెట్టిన నిపుణ్ భారత్‌లో మూడో తరగతి పిల్లలు నిమిషానికి కనీసం 60 పదాలు చదవాలన్నారు. మంచిదే. కానీ లెక్కకు అందేది అదే కాబట్టి అందరి ధ్యాసా దాని మీదే, రాత మళ్లీ బోర్డు మీది నుంచి ఎక్కించుకోవడం దగ్గరే ఆగింది.

ఇంట్లో ఇంకా రాయడం రాని ఒకటో తరగతి బిడ్డ ఉంటే, చెప్పింది చెప్పినట్టు మీరే రాసి, వేలు పెట్టి చదివించండి. ఒక్క మాటా మార్చొద్దు. మారిస్తే బిడ్డ తాను అన్న మాటే పలుకుతుంది, వేలి కింద ఇంకో మాట ఉంటుంది, అక్షరానికీ శబ్దానికీ పొత్తు కుదరదు.