పర్లాకిమిడిలో పాత ఇల్లు కొంటానన్న మేనల్లుడికి

ఒరే అల్లుడూ,

నువ్వు వాట్సాప్‌లో పంపిన ఫోటోలు చూశాను. అరుగు, చెక్క స్తంభాలు, పెరట్లో నుయ్యి, అన్నీ బాగున్నాయి. ఫోటోలో ఏ పాత ఇల్లైనా బాగానే ఉంటుందిలే. అడ్వాన్సు ఇచ్చేశావేమోనని రాత్రంతా టెన్షన్, ఇవ్వలేదని పొద్దున మీ అమ్మ చెప్పాక కాఫీ దిగింది.

ముందు కాగితాలు. 1936లో ఒడిశా ఏర్పడేదాకా ఈ ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలోది కాబట్టి, ఇక్కడ పాత ఇళ్ల దస్తావేజులు చాలావరకు తెలుగులో ఉంటాయి, ఇప్పటి పట్టా మాత్రం ఒడియాలో. దస్తావేజులో ఇంటిపేరు ముందుంటే పట్టాలో చివరికి పోతుంది, మధ్యలో ఒక అక్షరం మారిందంటే ఆ మనిషీ ఈ మనిషీ ఒకరేనని అఫిడవిట్లు పట్టుకుని తిరగాలి. భూలేఖ్‌లో, అదే ఒడిశా భూరికార్డుల వెబ్‌సైటులో, పట్టా నువ్వే తీసి చూడు, కిసమ్ (భూమి రకం) దగ్గర ఘరబారి, అంటే ఇళ్ల స్థలం, అని ఉందో లేదో, ప్లాటులో ఎన్ని డెసిమల్లో. ఒక డెసిమల్ అంటే 435.6 చదరపు అడుగులు, టేపు పెట్టి కొలిచి సరిపోల్చుకో. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ కూడా తీయించు, ఇంటి మీద అప్పులూ పాత లావాదేవీలూ ఏమున్నాయో అందులో తెలుస్తుంది.

పట్టా ఇంకా అమ్మేవాళ్ల తాత పేరునే ఉందన్నావు. అసలు చిక్కు అక్కడే. అన్నదమ్ములు ముగ్గురూ సంతకం పెడతారు సరే, ఆడపడుచుల మాటేమిటి? 'పసుపు కుంకుమ కింద అప్పుడే ఇచ్చేశాం' అంటారు, ఆ మాట రిజిస్ట్రేషన్‌లో చెల్లదు. తాత స్వార్జితమైతే, వీలునామా లేకపోతే, 1956 చట్టం నుంచే కూతుళ్లకూ వాటా ఉంది. పిత్రార్జితమైతే 2005 సెప్టెంబరు 9 నుంచి కొడుకులతో సమానం, తండ్రి ఆ రోజుకి బతికి ఉండాలన్న నియమం లేదని సుప్రీంకోర్టు 2020లో తేల్చేసింది. నేనిప్పుడుంటున్న ఇల్లు కొన్నప్పుడు ఇదేమీ అడగలేదు. గచ్చు తీయించి నేల వేయించాక ఖరగ్‌పూర్ నుంచి ఆ ఇంటి పెద్దకూతురు దిగింది. పాపం ఆవిడది తప్పేమీ లేదు, ఆవిడని ఎవరూ అడగలేదంతే. మళ్లీ డబ్బిచ్చి సంతకం పెట్టించుకున్నాను, మీ అత్త ఇప్పటికీ దెప్పుతుంది.

(గుమ్మ వైపు చవగ్గా వస్తుందని ఎవరో అన్నారట కదా. అది షెడ్యూల్డ్ ఏరియా, గిరిజనుల భూమి మనం కొంటే చెల్లదు. ఆ ఆలోచనే వదిలెయ్.)

ఇంటిని ఎండలో చూసి మురిసిపోకు, బాగా వాన పడుతున్నప్పుడు వెళ్లి నీళ్లు ఎటు పోతున్నాయో చూడు. డాబా మీద నిలుస్తున్నాయా, పక్కింటి చూరు నీళ్లు మన గోడలోకి దిగుతున్నాయా. గోడలు సున్నంవి. నేలలోంచి ఎక్కిన చెమ్మ సున్నంలోంచి బయటికి ఆరిపోతుంది. నేను మా ఇంటికి నున్నగా ఉంటుందని సిమెంటు పూయించాను, రెండేళ్లకి మోకాలెత్తు దాకా ఉప్పు పొంగి పొరలు పొరలుగా ఊడింది. అంతా గీకించి మళ్లీ సున్నమే పెట్టించాను. ఆ పని తెలిసిన తాపీమేస్త్రి దొరకడమే కష్టం, ఇల్లు కొనకముందే వెతుక్కో. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు నేను కొత్తగా వేసిన పెరటి రేకులు ఎగిరిపోయాయి, తాతలనాటి డాబా మాత్రం చెక్కుచెదరలేదు. అలాగని పాతదంతా గట్టిదనుకునేవు! దూలం మధ్యలో తట్టి లాభం లేదు, గోడలోకి దూరే కొస దగ్గర స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడు. చెదలైనా కుళ్లైనా అక్కడే మొదలు.

ఇంకోటి, ఆ వీధిలో అన్నీ వరస ఇళ్లు. గోడ ఉమ్మడిది, పక్కింటి వాళ్ల దూలాలు కూడా దాని మీదే ఆనుకుని ఉంటాయి. పడగొట్టి కడతానంటే వాళ్లతో ముందే రాతపూర్వకంగా ఒప్పందం చేసుకో. పెరట్లోకి వేరే దారి లేదు కదా, ఇసుక, ఇటుక, మట్టి అన్నీ సావిట్లోంచే మోయాలి, కూలి ఖర్చు అక్కడే పెరుగుతుంది. వైరింగు మొత్తం మార్చి ఎర్తింగు వేయించాకే గోడల పని పట్టుకో. మేస్త్రి ఎంత చెప్పినా దానికి మూడో వంతు కలిపి ఉంచు. 'పాత సామాను నేను పట్టుకుపోతా' అంటే ఒప్పుకోకు, ఆ తలుపులు, దూలాలే వాడి లాభం.

పాతపట్నంలో మీ నాన్న ఇల్లు అమ్మి ఇది కొంటానంటున్నావు, అమ్మకానికి పెట్టి రంగులు వేయించకు, కొనేవాడికి ఏదో దాస్తున్నావని అనుమానం వస్తుంది. కారే చోటు నువ్వే చూపించు. 2001కి ముందు ఇల్లు కాబట్టి ఆ ఏడాది ఏప్రిల్ 1 నాటి విలువ వేయించి పెట్టుకో, అమ్మిన లాభం మీద పన్ను లెక్కకి ఆడిటర్ అదే అడుగుతాడు.

శనివారం పొద్దున వస్తాను. నిచ్చెన, టార్చి, స్క్రూడ్రైవర్ సిద్ధంగా పెట్టు. ఇంటాయనతో నేను మాట్లాడతాను, నేనొచ్చేదాకా నువ్వు ధర ఊసెత్తకు.

మీ మావయ్య