చిక్కు అక్షరం దగ్గర ఉందేమో చూడండి

ప్రశ్న: మా బాబు ఆరో తరగతి, ప్రైవేటు స్కూలు. నోటితో అడిగితే అన్నీ చెబుతాడు, రాయమంటే ఏడుస్తాడు. క్లాసులో కుదురుగా కూర్చోడని, పక్కవాళ్లను కొడతాడని రోజూ డైరీలో రాస్తున్నారు. ఈ నెల టీసీ తీసుకెళ్లమన్నారు. రెసిడెన్షియల్‌లో వేస్తే దారికొస్తాడని మా ఆయన అంటున్నారు. వీణ్ని ఏ లైన్‌లో పెట్టాలి? – ఓ తల్లి, ఖమ్మం జిల్లా

అమ్మా, లైన్ సంగతి చివర్లో మాట్లాడుకుందాం. ముందు హాస్టల్ ఆలోచన మానుకోండి. ఇప్పుడు బాబుకు ఇంట్లో మనిషి దగ్గర లేకపోతే ఉన్న ధైర్యం కూడా పోతుంది.

మీరు పంపిన డైరీ పేజీల ఫొటోలు రెండుసార్లు చూశాను. ఎర్ర ఇంకుతో 14 కంప్లయింట్లు ఉన్నాయి. ఒక్కటి తప్ప అన్నీ తెలుగు, ఇంగ్లిష్, సోషల్ పీరియడ్లవే. ఆటల పీరియడ్‌లో ఒక్కటీ లేదు. సైన్స్ ప్రయోగం చేసిన రోజున టీచరే ‘గుడ్’ అని రాశారు. లేచి నిలబడి పైకి చదవాల్సిన చోట, బోర్డు చూసి రాసుకోవాల్సిన చోట గొడవ మొదలవుతోంది. క్లాసంతా నవ్వుతుంటే తడబడుతూ చదవడం కన్నా, పక్కవాణ్ని గిల్లి బయట నిలబడటమే వాడికి తేలికగా ఉండి ఉంటుంది.

నోట్‌బుక్ పేజీ కూడా చూశాను. ‘చంద్రుడు’ రాయాల్సిన చోట ‘చందుడు’, ‘పుస్తకం’ ఉండాల్సిన చోట ‘పుసకం’. ‘మ’ చోట ‘య’, ఇంగ్లిష్‌లో ‘బి’ చోట ‘డి’. ఆరో తరగతికి వచ్చాక కూడా రెండు భాషల్లో ఇలా రాస్తుంటే దాన్ని బద్ధకం అనుకోను. పాఠం మీరు చదివి వినిపిస్తే జవాబులు గడగడా చెబుతాడని రాశారు. ఆ ఒక్క మాట నాకు చాలా చెప్పింది. వింటే వస్తోంది, చదివితే రావడం లేదు. ఇది డిస్లెక్సియా, అంటే అక్షరాలు చదవడంలో, రాయడంలో వచ్చే ఇబ్బంది కావచ్చు. దానికీ తెలివితేటలకూ సంబంధం లేదు. దాంతోపాటు ఏడీహెచ్‌డీ (కుదురు, ఏకాగ్రత నిలవని సమస్య) ఉండే అవకాశమూ ఉంది. అయితే ఉత్తరం చూసి నేను తేల్చకూడదు, పరీక్షలు చేయించాల్సిందే.

మొదట కళ్లు, చెవులు చూపించండి. చాలామంది ఈ మెట్టు దాటేస్తారు, దయచేసి మీరు దాటేయకండి. ఆ తర్వాత క్లినికల్ సైకాలజిస్టు దగ్గర చదవడం, రాయడం, లెక్కలు, ఏకాగ్రత అన్నీ పరీక్ష చేయించాలి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద 18 ఏళ్ల లోపు పిల్లలకు జిల్లా స్థాయిలో డీఈఐసీ కేంద్రాలు (ఎదుగుదల సమస్యలను ముందే గుర్తించి సాయం చేసేవి) పెట్టారు. జిల్లా ఆసుపత్రిలో అడగండి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవారి కోసం పనిచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్ఐఈపీఐడీ ఉంది, అక్కడా అడగొచ్చు. మీ మండలంలో భవిత కేంద్రం (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపేది) ఉంటే అక్కడి రిసోర్స్ టీచర్‌ను కలవండి, దారి చెబుతారు.

టీసీ గురించి టెన్షన్ పడకండి. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ఎనిమిదో తరగతి పూర్తయ్యే దాకా పిల్లల్ని బడి నుంచి తీసేయకూడదు, కొట్టకూడదు. మైనారిటీ విద్యాసంస్థలకు మాత్రం ఈ చట్టం వర్తించదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల వైకల్యాల్లో అభ్యసన వైకల్యం (డిస్లెక్సియా లాంటిది) కూడా ఉంది. దాన్ని త్వరగా గుర్తించి, తగిన పద్ధతిలో బోధించే బాధ్యత స్కూలుదేనని అందులో రాసి ఉంది. పోట్లాటకు వెళ్లొద్దు. హెడ్‌మాస్టర్‌కు లెటర్ రాసి, మీ కాపీ మీద సంతకం పెట్టించుకోండి. అందులో నాలుగే అడగండి: ముందు చెప్పకుండా పైకి చదివించవద్దని, ముందు బెంచీలో కూర్చోబెట్టమని, బోర్డు మీద రాసినదాని జిరాక్స్ ఇమ్మని, చిన్న పరీక్షలు నోటితో పెట్టమని. తెలుగు టీచర్‌ను విడిగా కలిసి ఆ నోట్‌బుక్ పేజీ చూపించండి. చాలామంది టీచర్లు అది చూశాక మెత్తబడతారు.

ఇంట్లో రోజూ పావుగంట చాలు. మీరూ వాడూ ఒకే పుస్తకంలో, వేలు కింద పెట్టుకుంటూ కలిసి చదవండి. వాడు ఆగితే ఆ పదం మీరే చెప్పేసి ముందుకెళ్లండి. మీవారికి నా మాటగా చెప్పండి: ఒత్తు వదిలేసినందుకు దెబ్బ పడితే ఒత్తు రాదు, పుస్తకమంటే భయం వస్తుంది.

ఇక లైన్. ఆరో తరగతిలో తేల్చాల్సిన పని లేదు. కాకపోతే పరీక్షల రిపోర్టు, వైకల్య సర్టిఫికెట్ పదో తరగతి ముందే చేతిలో ఉండాలి. బోర్డు పరీక్షల్లో అదనపు సమయం, రాసిపెట్టే సహాయకుడు వాటితోనే వస్తాయి. సీబీఎస్ఈలో ఇలాంటి పిల్లలు రెండు భాషలకు బదులు ఒక్కటే చదవచ్చు. బడి ఒత్తిడి మరీ భరించలేకపోతే ఎన్ఐఓఎస్ (కేంద్ర ప్రభుత్వ ఓపెన్ స్కూలు) ఉంది. పదో తరగతి ఐదు సబ్జెక్టులను ఐదేళ్ల లోపు విడివిడిగా రాసుకోవచ్చు. వైకల్యం 40 శాతం లేదా ఆపైన అని సర్టిఫికెట్ వస్తే ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో 5 శాతం రిజర్వేషన్ కూడా వర్తిస్తుంది. పాలిటెక్నిక్, డిజైన్, హోటల్ మేనేజ్‌మెంట్, ఇంజినీరింగ్, దేని తలుపూ మూసుకుపోలేదు.

ఈ సోమవారమే ఆ లెటర్ ఇవ్వండి. పరీక్షల రిపోర్టు వచ్చాక నాకో కాపీ పంపండి. ఎనిమిదో తరగతికి వెళ్లేలోపు ఏ బోర్డు, ఏ భాష అన్నది కలిసి చూద్దాం.