పొదుగు దిగిన పెట్ట కోలుకోవాలంటే

ప్రశ్న: మా పెరట్లో నాటు పెట్ట ఒకటి ఉంది. ఏప్రిల్‌లో 12 గుడ్లు పెట్టి పొదగేస్తే అన్నీ మురిగిపోయాయి. ఎలాగూ కూర్చునే ఉంది కదా అని 22వ రోజున కొత్తగా 9 గుడ్లు పెట్టాం, వాటిలో ఐదు పిల్లలయ్యాయి. పిల్లలు బాగున్నాయి, వాటికిప్పుడు పది రోజులు. తల్లి మాత్రం ఎత్తితే ఉత్త ఈకల మూటలా ఉంది, నెత్తి మీద జుట్టు పాలిపోయింది, రెట్ట పచ్చగా వేస్తోంది. నూకలు, అన్నం పెడుతూనే ఉన్నా తేరుకోవట్లేదు. మా అత్తగారు "పొదిగిన కోడి అంతే, అదే లేస్తుంది" అంటున్నారు. నాకేమో టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
- ఒక పాఠకురాలు, నూజివీడు దగ్గరి పల్లె నుంచి

జవాబు: అత్తగారు చెప్పింది మామూలు పొదుగుకైతే నిజమేనమ్మా. 21 రోజులు కూర్చున్న పెట్ట పిల్లల్ని వెంటేసుకుని పెరడంతా కెలికి దానంతటదే కండ పట్టుకుంటుంది. కానీ మీ పెట్ట రెండు పొదుగులు ఏకబిగిన కూర్చుంది, అంటే 40 రోజుల పైనే, అదీ మండుటెండల్లో. పొదుగు మీదున్న కోడి రోజుకి ఒకటి రెండుసార్లు దిగి, పావుగంటో అరగంటో నాలుగు గింజలు ఏరుకుని, నీళ్లు తాగి, కంపు కొట్టే పెద్ద రెట్ట ఒకటి వేసి మళ్లీ ఎక్కేస్తుంది. మిగతా పొద్దంతా ఒంట్లో ఉన్న కొవ్వు, అదయ్యాక కండ కరిగించుకుంటూ గడుపుతుంది. కాబట్టి మీది అనవసరమైన టెన్షన్ కాదు.

ముందు ఈ రాత్రి, కోళ్లు సద్దుమణిగాక, దాన్ని ఒళ్లోకి తీసుకుని చేత్తో చూడండి, ఎందుకంటే కోడి ఎంత చిక్కినా ఈకలు దాచేస్తాయి. ఎద ఎముకకి రెండు పక్కలా వేళ్లు పెట్టండి. కండ ఉన్న కోడికి అక్కడ గుండ్రంగా తగులుతుంది, చిక్కిన కోడికి కత్తి అంచులా తగులుతుంది. తర్వాత కింది రెప్ప కొంచెం లాగి చూడండి. జుట్టు పాలిపోవడం ఒక్కటే అయితే భయం లేదు, పొదుగులో ఏ పెట్టకైనా జుట్టు వెలిసిపోతుంది, మళ్లీ గుడ్లకి వచ్చేటప్పుడు ఎర్రబడుతుంది. రెప్ప లోపల, నోటి లోపల కూడా తెల్లగా ఉంటే మాత్రం రక్తం తగ్గిందని అర్థం, ఆ రక్తం తాగేవి ఎక్కడో ఉండొచ్చు.

అవి ఎక్కడుంటాయో చెబుతాను. పొదిగే కోడి మట్టిలో పెద్దగా పొర్లాడదు, పొర్లాడని కోడికి పేలు పడతాయి. రెట్ట వేసే చోటు చుట్టూ, రెక్కల కింద ఈకలు విడదీసి చూస్తే ఈక మొదట్లో సున్నం ముద్ద అంటినట్టు గుత్తులుగా ఉంటాయి, అవే పేల గుడ్లు. గోమార్లు ఇంకో రకం, పగలు గూటి పగుళ్లలో దాక్కుని రాత్రి కోడి మీదికి ఎక్కుతాయి, అందుకే పగలు ఎంత వెతికినా దొరకవు. రాత్రి టార్చ్ వేసి గూటి సందుల్లో, పొదిగిన గంప అల్లిక మధ్యలో చూడండి. పొదుగులో వాడిన గడ్డి మొత్తం తగలబెట్టండి, గంపని ఎండలో పెట్టండి, గూటికి సున్నం కొట్టండి. పొయ్యి బూడిద (పూర్తిగా చల్లారినది), పొడి ఇసుక, మెత్తటి మట్టి కలిపి నీడలో ఒక వెడల్పాటి గమేళాలో పోసి పెట్టండి. ఆ రోజే దిగి పొర్లాడుతుంది చూడండి. పశువులకి పిడుదుల కోసం వాడే మందు మాత్రం మీకు మీరుగా కలిపి పట్టించకండి, కిలో కోడికి ఆ మోతాదు ఎక్కువైతే ప్రాణానికే ముప్పు, పైగా రెక్కల కింద పిల్లలు పడుకుంటాయి.

ఇక మేత. నూకలు, అన్నం వల్ల ఆకలి తీరుతుంది గానీ పోయిన కండ తిరిగి రాదు. నేనూ ఇదే తప్పు చేశాను. మొదట్లో ఒక పెట్టకి ఇలాగే అన్నం మీద అన్నం పెట్టాను, అది తింటూనే ఉంది, నెల తిరక్కుండా పోయింది. ఎత్తి చూసుంటే తెలిసేది, నేను ఎత్తలేదు. కండకి మాంసకృత్తులు కావాలి. మొదటి రెండు మూడు రోజులు కొంచెం కొంచెంగా రోజుకి నాలుగుసార్లు పెట్టండి, ఒక్కసారిగా మెక్కించకండి. ఉడికించిన గుడ్డు సగం చిదిమి పెట్టండి. తర్వాత జొన్నలు గానీ మొక్కజొన్న రవ్వ గానీ సగం, తవుడు కొంత, వేరుశనగ చెక్క కొంత, ఎండు చేపల పొడి గుప్పెడు కలిపి పెట్టండి. ఎండు చేప ఉప్పు వేయనిదే తీసుకోండి, ఉప్పు చేప కోళ్లకి విషంతో సమానం. చెక్కకి బూజు వాసన వస్తే పారేయండి. మునగాకు, తోటకూర సన్నగా తరిగి పెడితే ఇష్టంగా తింటాయి. పిల్లల కోసం దుకాణంలో చిక్ స్టార్టర్ తెస్తే అదే తల్లికీ పెట్టొచ్చు. గుడ్ల కోళ్లకి అమ్మే లేయర్ మేత మాత్రం ఇప్పుడు వద్దు, అందులో సున్నం (కాల్షియం) ఎక్కువ, పిల్లలు తింటే మూత్రపిండాలు చెడతాయి.

కానీ మీరు ఎంత మంచిది పెట్టినా అది తినదేమో, ఇది గమనించండి. తల్లికోడి ఒక చెదపురుగుని ముక్కున పట్టుకుని, మింగకుండా నేల మీద వదిలి, కొక్ కొక్ మని పిల్లల్ని పిలిచి, మళ్లీ ఎత్తి మళ్లీ వదిలి, చివరికి ఒక పిల్ల దాన్ని లాక్కుని పరుగెత్తేదాకా అలాగే నిలబడుతుంది. పది రోజుల పిల్లల తల్లి మంచి మేత ఏది దొరికినా ఇంతే చేస్తుంది, అందుకే మీకు పెడుతూనే ఉన్నట్టు అనిపిస్తోంది, దాని పొట్టలోకి వెళ్లట్లేదు. పిల్లలకి ముందు వాటి గిన్నెలో వాటి మేత వేసి, తల్లి గిన్నెని రెండు ఇటుకల మీద ఎత్తుగా పెట్టండి. అప్పటికీ దించి పెడుతుంటే, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి దాన్ని ఎత్తుకెళ్లి పిల్లల పిలుపు వినపడని చోట చేతిలో పెట్టి తినిపించండి. పది నిమిషాలు చాలు.

రెట్ట పచ్చగా ఉండటం పస్తున్న కోడికి మామూలే, కడుపులో మేత లేక పసరు దిగుతుంది. నాలుగు రోజులు మేత బాగా పడ్డాక కూడా అలాగే ఉన్నా, మెడ వంకర పోయినా, నోరు తెరిచి గురకలు తీసినా అది కొక్కెర తెగులు (రాణీఖేత్ అనే అంటురోగం) కావచ్చు, వెంటనే వేరు చేసి పశువైద్యశాలకి వెళ్లండి. అక్కడే నట్టల మందు కూడా అడగండి, రెట్ట చూపించి, దాని బరువు చెప్పి. మందు వేశాక గుడ్లు ఎన్నాళ్లు తినకూడదో అడగడం మర్చిపోవద్దు.

వారానికోసారి గుడ్డసంచిలో వేసి కాటాకి తగిలించి బరువు రాసుకోండి. పిల్లల్ని ఆరు నుంచి ఎనిమిది వారాలకి వదిలేస్తుంది, తర్వాత గుడ్లకి వస్తుంది. ఆ కాపు గుడ్లు ఇంట్లో తినేయండి, పొదగేయొద్దు. ఈ సంవత్సరానికి దీన్ని ఇంక కూర్చోబెట్టకండి. మళ్లీ ఎప్పుడు వేసినా ఏప్రిల్, మే నెలలు వదిలేసి, వారం లోపు గుడ్లే పెట్టండి. మీ మొదటి 12 గుడ్లు మురిగింది ఆ వేడికే అయి ఉండొచ్చు.

ప్రశ్న: మా పెట్ట గుడ్లు లేకపోయినా ఖాళీ గంపలో కూర్చుంటోంది. ముక్కులో ఈక దూర్చమని చెబుతున్నారు. చేయొచ్చా?
- ఒక పాఠకుడు, సిద్దిపేట

జవాబు: ఈక దూర్చొద్దు. ఊపిరాడక, పుండు పడి బాధపడుతుంది, మేత కూడా మానేస్తుంది. కింద గాలి ఆడే జాలీ పంజరంలో, గడ్డి ఏమీ వేయకుండా, వెలుతురున్న చోట మూడు నాలుగు రోజులు ఉంచండి. కింద నుంచి గాలి తగిలి ఎద చల్లబడితే కూర్చోవాలన్న తపన తగ్గుతుంది. మేత, నీళ్లు మాత్రం కడుపు నిండా ఉండాలి, పస్తు పెడితే గుడ్లకి రావడం ఇంకా ఆలస్యమవుతుంది. వదిలాక మళ్లీ గంప వైపు పోతే ఇంకో రెండు రోజులు ఉంచండి. కూర్చున్న మొదటి రోజుల్లోనే ఇలా చేస్తే రెండు మూడు వారాల్లో మళ్లీ గుడ్డు పెడుతుంది.