పాత సెన్సర్, పాత క్లిప్పు: కలిపితే పేటెంట్ వస్తుందా?

ప్రశ్న: సెలైన్ గొట్టంలో గాలి బుడగ వస్తే పసిగట్టి గొట్టాన్ని నొక్కేసే పరికరం తయారు చేశాను. సెన్సరూ క్లిప్పూ కొత్తవేం కావు. ‘ఇది ఎవరికైనా తడుతుంది, పేటెంట్ రాదు’ అంటున్నాడు మా ఇంజినీరు ఫ్రెండు. గోడకు అంటుకున్న బుడగకి ఊరికే అలారం మోగకుండా కాస్త దూరంలో రెండో సెన్సర్ పెట్టి, బుడగ అక్కడికి కదిలి వస్తేనే మోగేలా చేశాను. నాకు ఛాన్సుందా?

జవాబు: మీ ఫ్రెండు చెప్పింది మొదటి సగానికే వర్తిస్తుంది. బుడగను గుర్తించి ఆగిపోయే ఇన్‌ఫ్యూజన్ పంపులు ఎప్పటినుంచో ఉన్నాయి కాబట్టి సెన్సర్ ప్లస్ క్లిప్పు అని క్లెయిమ్ (దేనిమీద హక్కు కావాలో దరఖాస్తులో చెప్పే వాక్యం) రాస్తే తిప్పి పంపేస్తారు. 2007లో అమెరికా సుప్రీంకోర్టు కేఎస్‌ఆర్ కేసులో తేల్చింది ఇదే: కారు పెడల్‌కి అప్పటికే ఉన్న సెన్సర్ తగిలించారు, దేని పని అది చేస్తోంది, కొత్తగా ఒరిగిందేమీ లేదు, పేటెంట్ చెల్లదంది. అలాగని భాగాలు పాతవైతే అంతా పోయినట్టే అనుకోకండి. అదే కోర్టు 1966లో ఆడమ్స్ బ్యాటరీ పేటెంట్‌ని నిలబెట్టింది, ఎందుకంటే అప్పటిదాకా ఉన్న సమాచారం ఆ దారిలో వెళ్లొద్దనే చెప్పేది, నిపుణులు కూడా మొదట నమ్మలేదు.

మీ బలమంతా రెండో సెన్సర్‌లో ఉంది. ఊరికే మోగే అలారంతో విసిగిన ఇంజినీరు మామూలుగా ఏం చేస్తాడు? సెన్సర్ సున్నితత్వం తగ్గిస్తాడు. మీరు అలా చేయలేదు. యూరప్‌లో అడిగే ప్రశ్న కూడా ఇలాంటిదే, ఆ రంగం తెలిసినవాడు అలా చేయగలడా అని కాదు, మీ పరికరం చూడకముందు నిజంగా అలా చేసి ఉండేవాడా అని. చూశాక ‘ఓస్ ఇంతేనా’ అనడం అందరికీ తేలికే, ఆ మాటకు చట్టంలో విలువ లేదు.

ఒక్క టెన్షన్ మాత్రం ఉంది. పారిశ్రామిక పైపుల్లో రెండు సెన్సర్ల మధ్య సమయం చూసి ప్రవాహ వేగం కొలిచే పద్ధతి పాతదే, పేటెంట్ ఆఫీసులో మీ దరఖాస్తు చూసే పరిశీలకుడు వేరే రంగం నుంచి దాన్ని పట్టుకొచ్చి మీ ముందు పెట్టొచ్చు. అందుకే ముందు ఆ వైపు వెతికించండి, ఒక సెన్సర్‌తో ఎన్నిసార్లు తప్పుగా మోగింది, రెండింటితో ఎన్నిసార్లు అన్న లెక్కలు దరఖాస్తులోనే పెట్టండి, క్లెయిమ్‌ని రెండో సెన్సర్ చుట్టూ రాయించండి. దాఖలు చేసేదాకా ఆ పరికరాన్ని ఏ ఎగ్జిబిషన్‌లోనూ చూపించకండి, వీడియో కూడా పెట్టకండి.