డిప్రెషన్ మందు ట్రయల్‌లో చేరమంటున్నారు.. చేరవచ్చా?

ప్రశ్న: నా వయసు 34. కాకినాడలో ఒక ప్రైవేటు కళాశాలలో పాఠాలు చెబుతాను. ఆరేళ్లుగా డిప్రెషన్ ఉంది. మొదట ఇచ్చిన మందు వికారం తట్టుకోలేక మూడు వారాలకే మానేశాను. రెండోది ఏడాది వాడినా అంతంతమాత్రంగానే పనిచేసింది. ఇప్పుడు ఏడు నెలలుగా వెన్లాఫాక్సిన్ వాడుతున్నాను. నిద్ర పడుతోంది గానీ దేనిమీదా మనసు నిలవడం లేదు. హైదరాబాద్‌లో చూపించుకుంటే, అక్కడి డాక్టరు కొత్త మందు మీద క్లినికల్ ట్రయల్ జరుగుతోందని, ఇష్టమైతే చేరవచ్చని చెప్పి 18 పేజీల కాగితాలు చేతిలో పెట్టారు. ‘నిన్ను ఎలుకను చేస్తారు, వద్దు’ అంటోంది మా అమ్మ. మందులు ఉచితం కదా, చేరమంటున్నారు మావారు. నాకు ఉత్తుత్తి మాత్ర వస్తే ఎలా? మధ్యలో మానేయవచ్చా? కళాశాలలో తెలిసిపోతుందా? ఈమధ్య కొన్ని రోజులు తెల్లవారకపోతే బాగుండు అనిపిస్తోంది.
– ఒక సోదరి, కాకినాడ

సమాధానం: ట్రయల్ గురించి మీరు అడిగినవన్నీ చదువుకుంటూ వచ్చి, చివర మాటల్లో మాటగా రాసిన వాక్యం దగ్గర ఆగిపోయాను. తెల్లవారకపోతే బాగుండు అనిపించడం విసుగు కావచ్చు, జబ్బు లోలోపల ముదురుతోందనడానికి గుర్తూ కావచ్చు. ఏదన్నది ఉత్తరం చూసి తేల్చలేను. ఆ వాక్యాన్ని ఉన్నదున్నట్టుగా మీ డాక్టరుకు ఈ వారంలోనే చెప్పండి. అది చనిపోవాలన్న ఆలోచనగా మారుతున్నట్టు అనిపిస్తే ఒక్క పూట కూడా ఆగకుండా ఇంట్లోవాళ్లను వెంటబెట్టుకుని దగ్గర్లోని ఆసుపత్రికి వెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416కు పగలనక రాత్రనక ఎప్పుడైనా ఫోన్ చేయవచ్చు. తెలుగులో మాట్లాడతారు, రుసుమేమీ ఉండదు.

దీన్ని ముందే చెప్పడానికి మరో కారణం ఉంది. డిప్రెషన్ ట్రయల్‌లో చేర్చుకునే ముందు ఆత్మహత్య ఆలోచనల గురించి తరచి తరచి అడుగుతారు. ఉన్నాయంటే చాలా ట్రయల్స్‌లో తీసుకోరు. అవకాశం పోతుందేమోనని ‘అబ్బే, అలాంటివేమీ లేవండీ’ అని చెప్పి చేరినవాళ్లను నేను చూశాను. ఆ వడపోత పెట్టింది మీలాంటి వారిని కాపాడటానికి. దాచి చేరితే, ఎక్కువ కనిపెట్టి చూడాల్సిన మనిషి మీరేనని అక్కడ ఎవరికీ తెలియదు.

ఇక అమ్మగారి మాట. దాన్ని చాదస్తమని తీసిపారేయకండి. 2009లో ఖమ్మం జిల్లాలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా పరిశీలన పేరుతో వేలాది బాలికలకు టీకాలు వేశారు. వారిలో గిరిజన పిల్లలు చాలామంది. హాస్టళ్లలో ఉన్న పిల్లలకు తల్లిదండ్రుల బదులు వార్డెన్లే సంతకాలు పెట్టారు. 2010 ఏప్రిల్‌లో దాన్ని ఆపించారు. ఆ సమయంలో జరిగిన మరణాలకు టీకా కారణమని విచారణలో తేలలేదు గానీ, అనుమతులు తీసుకున్న తీరు మాత్రం తప్పని తేలింది. ఆ మరుసటి ఏడాదే పిడుగురాళ్ల మహిళలను డబ్బు ఆశ చూపి హైదరాబాద్ తీసుకెళ్లి మందుల పరీక్షల్లో కూర్చోబెట్టారని పత్రికలు రాశాయి. మన ఇళ్లలో ‘ట్రయల్’ అనగానే ఉలిక్కిపడేది అందుకే. తర్వాత సుప్రీంకోర్టు జోక్యం చేసుకుంది, 2019లో కొత్త నిబంధనలు వచ్చాయి. ఇప్పుడు ప్రతి మందు ట్రయల్‌కూ ఎథిక్స్ కమిటీ, అంటే చేరేవారి క్షేమం, హక్కులు చూసే కమిటీ ఆమోదం ఉండాలి. అందులో కనీసం ఏడుగురు సభ్యులు ఉంటారు, అధ్యక్షులు ఆ ఆసుపత్రికి చెందినవారు కాకూడదు, వైద్యంతో సంబంధం లేని మామూలు మనిషి ఒకరైనా ఉండాలి.

ఆ మామూలు మనిషి విలువ నాకు బాగా తెలుసు. కొన్నాళ్లు ఒక కమిటీలో నేనూ కూర్చున్నాను. ఒకసారి తెలుగు అంగీకార పత్రంలో ‘యాదృచ్ఛికీకరణ ద్వారా మీరు ఒక సమూహానికి కేటాయించబడతారు’ అని ఉంది. మేమంతా తలూపి పేజీ తిప్పేశాం. మాతో ఉన్న రిటైర్డ్ తెలుగు మాస్టారు మాత్రం కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, ‘అంటే చీటీలు తీసినట్టా?’ అని అడిగారు. అవునన్నాం. ‘మరి అలాగే రాయొచ్చు కదండీ’ అన్నారు. అలాగే మార్పించాం. ఆ ఒక్క మాటలోనే ట్రయల్ సారమంతా ఉంది. మీకు ఏ మందు వస్తుందన్నది మీ డాక్టరు మీ ఒంటితీరు చూసి నిర్ణయించరు. కంప్యూటర్ చీటీ తీస్తుంది. ఏ చీటీ వచ్చిందో మీకూ తెలియదు, చాలా ట్రయల్స్‌లో డాక్టరుకూ తెలియదు. అత్యవసరమైతే మాత్రం ఆ గుట్టు విప్పి చూసే ఏర్పాటు ఉంటుంది.

చదువుకున్నవాళ్లు కూడా ఇక్కడ పొరబడతారు. 1982లో అమెరికాలో మానసిక వైద్యుడు పాల్ ఆపెల్‌బామ్ బృందం మానసిక చికిత్సల పరిశోధనల్లో చేరిన రోగులతో మాట్లాడితే, చీటీ సంగతి చెప్పాక కూడా కొందరు ‘నాకు ఏది మంచిదో చూసే ఇస్తారు’ అన్న నమ్మకంతోనే ఉన్నారట. చికిత్స మీ కోసం చేసేది. ట్రయల్ ఆ మందు పనిచేస్తుందో లేదో తెలుసుకోవడానికి చేసేది. అందులో మీకు మేలు జరిగితే జరగవచ్చు. ‘మందులు ఉచితం’ అంటున్న మీవారికి ఈ ముక్క విడమరిచి చెప్పండి.

ఉత్తుత్తి మాత్ర గురించి మీరు పడుతున్న భయం సహజమే, కానీ అందరూ అక్కడే ఆగిపోతారు. దాన్ని ప్లాసిబో అంటారు. డిప్రెషన్ మందుల ట్రయల్స్‌లో ప్లాసిబో తీసుకున్నవారిలోనూ సుమారు 35 నుంచి 40 శాతం మందికి చెప్పుకోదగ్గ మెరుగుదల కనిపిస్తుంది. మందు తీసుకున్నవారిలో అది 50 శాతం దరిదాపుల్లో ఉంటుంది. మాత్రలో ఏమీ లేకున్నా అంతమంది ఎందుకు తేరుకుంటారు? కొందరికి జబ్బు దానంతటదే తగ్గుముఖం పడుతుంది. కొందరికి ఆశ పనిచేస్తుంది. వారం వారం ఒక మనిషి ఎదురుగా కూర్చుని నిద్ర ఎలా ఉంది, ఆకలి ఎలా ఉంది, నిన్న ఏం చేశారు అని అరగంట సేపు ఓపికగా అడగడం కూడా తక్కువదేం కాదు. మన ఓపీలో అరగంట ఎవరిస్తారు చెప్పండి!

నేనైతే మొదట అడిగేది వేరే ప్రశ్న. ఇప్పుడు వాడుతున్న వెన్లాఫాక్సిన్‌ను ఏం చేయమంటున్నారు?

ట్రయల్స్ రెండు రకాలుగా ఉంటాయి. ఒకదాంట్లో మీ పాత మందు సాగుతూనే ఉంటుంది, దానికి తోడుగా కొత్త మందో ప్లాసిబోనో ఇస్తారు. ప్లాసిబో వచ్చినా మీ కాళ్ల కింద నేల కదలదు. రెండో రకంలో పాత మందు పూర్తిగా ఆపించి, ఒంట్లోంచి పోయేదాకా కొన్నాళ్లు ఖాళీగా ఉంచి, ఆ తర్వాత మొదలుపెడతారు. వెన్లాఫాక్సిన్ విషయంలో ఈ ఖాళీ రోజులు కష్టంగా గడుస్తాయి. ఒంట్లోంచి త్వరగా బయటికి పోయే మందు అది. హఠాత్తుగా ఆపితే ఒకటి రెండు రోజుల్లోనే తల తిరగడం, వికారం, చిరాకు, తలలో కరెంటు కొట్టినట్టు జివ్వుమనడం మొదలవుతాయి. రోగి ‘జబ్బు తిరగబెట్టింది’ అనుకుని బెంబేలెత్తిపోతారు. జబ్బు నిజంగా తిరగబెట్టే ప్రమాదమూ ఉంటుంది. ఏడు నెలలకు కుదిరిన నిద్ర పోతుంది. అందుకే మోతాదు మెట్లు దిగినట్టు తగ్గించాలి. ఎన్ని వారాల్లో తగ్గిస్తారు, ఆ రోజుల్లో అర్ధరాత్రి ఇబ్బంది వస్తే ఏ నంబరుకు ఫోన్ చేయాలి, అవతల ఎత్తేది డాక్టరా, కోఆర్డినేటరా అన్నవి ముందే తెలుసుకోండి. సొంతంగా మాత్రం ఒక్క మాత్ర కూడా మానకండి.

అంతే ముఖ్యమైనది ఆఖరి రోజు. ఎనిమిది వారాలో, పన్నెండు వారాలో అయ్యాక ట్రయల్ ముగుస్తుంది. కొత్త మందు మీకు బ్రహ్మాండంగా పనిచేసిందే అనుకోండి. మర్నాటి నుంచి అది దొరకదు, ఎందుకంటే ఇంకా మార్కెట్లోకే రాలేదు. ట్రయల్ తర్వాత కూడా ఉచితంగా మందు ఇచ్చే వెసులుబాటు 2019 నిబంధనల్లో ఉంది గానీ, అది వేరే చికిత్స లేని జబ్బులకు ఉద్దేశించింది. డిప్రెషన్‌కు చికిత్సలు చాలానే ఉన్నాయి కాబట్టి దాని మీద ఆశ పెట్టుకోకండి. ముగిశాక ఎవరు చూస్తారు, పాత మందు మళ్లీ ఎలా మొదలుపెడతారు అన్నది కాగితం మీద ఉండాలి.

మధ్యలో మానేయవచ్చా అన్నారు. నిస్సందేహంగా మానేయవచ్చు, కారణం చెప్పనక్కర్లేదు. అలా మానేసినందుకు ఆ ఆసుపత్రిలో మీ మామూలు వైద్యానికి ఆటంకం కలగకూడదు. కాకపోతే చెప్పకుండా మాయమవకండి, ఆ మందును కూడా పద్ధతిగా ఆపాల్సి రావచ్చు. ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, నష్టపరిహారం మీ హక్కు. ప్లాసిబో ట్రయల్‌లో ప్రణాళిక ప్రకారం అందాల్సిన ప్రామాణిక చికిత్స అందక హాని జరిగినా పరిహారం వర్తిస్తుంది. సంతకం సంగతి కూడా స్పష్టంగా చెప్పాలి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, జబ్బు ఉన్నంత మాత్రాన మీకు నిర్ణయించుకునే శక్తి లేదని ఎవరూ అనడానికి వీల్లేదు. పరిశోధనలో చేరడానికి మీరు ఇష్టపూర్వకంగా, తెలిసి ఇచ్చే అంగీకారమే కావాలి. మీ బదులు మీవారు సంతకం పెట్టడం కుదరదు.

కళాశాల వాళ్లకు ఆసుపత్రి నుంచి ఏ కబురూ వెళ్లదు. రికార్డుల్లో మీ పేరు స్థానంలో ఒక కోడ్ నంబరు ఉంటుంది. అయితే ట్రయల్‌ను తనిఖీ చేసేవారు, ఔషధ నియంత్రణ అధికారులు మీ అసలు రికార్డులు చూసే అవకాశం ఉంటుంది. నిజం చెప్పాలంటే గుట్టు రట్టయ్యేది సెలవుల దగ్గర. మొదట్లో వారం వారం పిలుస్తారు. కాకినాడ నుంచి రాత్రి గౌతమి ఎక్కి, పొద్దున్నే దిగి, మళ్లీ రాత్రికి ఎక్కి మర్నాడు క్లాసుకు వెళ్లడం ఎన్ని వారాలు చేయగలరు? నిద్ర చెడితే డిప్రెషన్ పెరుగుతుంది, అది మీకు నేను చెప్పనక్కర్లేదు. రైలు ఖర్చులు వాళ్లిస్తారేమో అడగండి. పిల్లల కోసం ఆలోచిస్తున్నట్టయితే అదీ ముందే చెప్పండి. ఇలాంటి ట్రయల్స్‌లో గర్భ పరీక్ష చేస్తారు, గర్భం రాకుండా జాగ్రత్త పడమంటారు.

వీటన్నిటికంటే ముందు నాకు వచ్చిన సందేహం ఒకటుంది. ఉన్న వైద్యం మీకు పూర్తిగా అందిందా? రెండు మందులు సరైన మోతాదులో, కనీసం ఆరు నుంచి ఎనిమిది వారాలు వాడినా ఫలితం లేకపోతేనే మందులకు లొంగని డిప్రెషన్ అంటాం. మీ మొదటి మందు మూడు వారాలకే ఆగింది, కాబట్టి అది ఓడినట్టు లెక్క కాదు. అమెరికాలో సుమారు 4,000 మందితో జరిగిన స్టార్-డి అధ్యయనంలో మొదటి మందుతో పూర్తిగా కోలుకున్నవారు మూడో వంతు మాత్రమే. వారిలోనూ చాలామందికి ఆరు వారాలు, అంతకు మించి పట్టింది. మీ వెన్లాఫాక్సిన్ మోతాదు ఎంతో మీరు రాయలేదు. పెంచే వీలుందా, లిథియం వంటి మరో మందు జత చేయవచ్చా, థైరాయిడ్ చూశారా అన్నవి అడగాల్సిన ప్రశ్నలు. ఎవరైనా మీతో కూర్చుని మాటల ద్వారా చికిత్స చేశారా?

అదేదో మందు ముందు చిన్నదని అనుకోకండి. గోవాలో పది ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో 495 మందితో ఒక ట్రయల్ జరిగింది, ఫలితాలు 2017లో వచ్చాయి. డాక్టర్లు కాని, శిక్షణ పొందిన స్థానిక కౌన్సెలర్లు ఆరు నుంచి ఎనిమిది సార్లు కూర్చుని, మానేసిన పనులను ఒక్కొక్కటిగా మళ్లీ మొదలుపెట్టించారు. మూడు నెలలకు కోలుకున్నవారు 64 శాతం, మామూలు వైద్యం మాత్రమే అందినవారిలో 39 శాతం. మన పశ్చిమ గోదావరి పల్లెల్లోనూ ఆశా కార్యకర్తల చేతికి ట్యాబ్‌లు ఇచ్చి డిప్రెషన్‌ను గుర్తించే పరిశోధన జరిగింది. ట్రయల్ అంటే కొత్త మాత్రే కానక్కర్లేదు. ఇలాంటిదైతే నేను మిమ్మల్ని రెండో ఆలోచన లేకుండా చేరమనేవాడిని.

ఇప్పుడు మీ చేతిలో ఉన్న ట్రయల్ గురించి నా అభిప్రాయం. పాత మందు ఆపించే రకమైతే, మీరు రాసిన ఆ చివరి వాక్యం ఉన్నంతకాలం వద్దంటాను. పాత మందు సాగిస్తూ జతగా ఇచ్చేదైతే, పైన చెప్పిన చికిత్సల గురించి మీ డాక్టరుతో మాట్లాడాక, రాకపోకలు మీకు వీలైతే ఆలోచించవచ్చు.

ఆ 18 పేజీలు ఆసుపత్రి వరండాలో నిలబడి చదవకండి. ఇంటికి తెచ్చుకున్నారు కదా, పెన్సిల్ పట్టుకుని కూర్చోండి. మొదటి పేజీల్లో సీటీఆర్ఐ నంబరు ఉండాలి. దేశంలో జరిగే క్లినికల్ ట్రయల్స్ అన్నీ ఆ జాతీయ రిజిస్ట్రీలో నమోదు కావాలన్న నియమం 2009 జూన్ 15 నుంచి ఉంది. ఆ వెబ్‌సైట్‌లో నంబరు కొడితే మందు, ఎంతమంది కావాలి, ఏయే ఆసుపత్రులు, ప్లాసిబో ఉందా అన్నవి ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. నంబరు లేకపోతే కాగితాలు తిరిగి ఇచ్చేయండి. అర్థం కాని చోట గీత పెట్టుకుని, ఈసారి వెళ్లేటప్పుడు అమ్మగారిని కూడా తీసుకెళ్లండి. మీరు మొహమాటపడి వదిలేసే ప్రశ్నలు ఆవిడ అడుగుతారు.